దారిపెట్టెలో లేని వాగు

హనుమకొండ,
3 నవంబరు 1983

చి. అరుణకు,

మీ ఆరోగ్య కేంద్రం కంపౌండరు వెంకటేశ్వర్లు నిన్న భార్యకు చీర కొనడానికి మన దుకాణానికి వచ్చాడు. చీరలు చూస్తూ, "మా డాక్టరమ్మ బండి మీద పోతాంటే రేగులగూడెం అంత బయటికొచ్చి చూస్తాన్నదమ్మా" అన్నాడు. ఏ బండి అని అడిగాను. ఎడ్ల బండి కాదని తెలిసేసరికి చేతిలో ఉన్న గజం బద్ద కింద పెట్టవలసి వచ్చింది.

నాలుగు నెలల్లో నువ్వు నాకు ఎనిమిది ఉత్తరాలు రాశావు. రాత్రి అన్నీ తీసి చదివాను. దోమతెర గురించి ఉన్నది, పప్పు ఉడకకపోవడం గురించి ఉన్నది. మోటార్ సైకిల్ అన్న మాట ఒక్కచోట కూడా లేదు. నువ్వు అబద్ధం రాయలేదు, ఒప్పుకుంటాను. కానీ రాయకుండా వదిలేయడం అబద్ధం కన్నా మర్యాదగా ఉంటుందని నీకు ఎవరు చెప్పారు?

ఇంకొక సంగతి కూడా చెప్పాడు. నువ్వు టీకాలు వేయడానికి ఏదో తండాకు బయలుదేరి పరకాల బస్టాండులో తేలావట. ఇందులో నాకు ఆశ్చర్యం లేదు. బడి నుంచి ఇంటికి రమ్మంటే రెండుసార్లు కాజీపేట స్టేషను దాకా పోయినదానివి. దారి తెలియని మనిషికి ఎద్దు ఉంటే అదే ఇంటికి తెస్తుంది. మోటార్ సైకిల్‌కు ఆ తెలివి ఉన్నదా?

పూర్తిగా రాయి.

అమ్మమ్మ


రేగులగూడెం,
9 నవంబరు 1983

అమ్మమ్మకు నమస్కారం.

నిజమే. కేంద్రం జీపు దసరా నుంచి షెడ్డులో పడి ఉన్నది. మూలన ఒక మోటార్ సైకిల్ ఉంటే వెంకటేశ్వర్లే నాకు నేర్పాడు. రెండుసార్లు పడ్డాను. మోచెయ్యి గీరుకున్నది, అంతే. ఇదిగో, అది కూడా రాశాను.

నాకు పదకొండు ఊళ్లున్నాయి. పోలియో చుక్కల మందు థర్మాస్ ఫ్లాస్కులో ఐసు పెట్టి తీసుకుపోవాలి. ఐసు మూడు గంటలు ఉంటుంది, ఎండాకాలంలో ఇంకా తక్కువ. ఐసు కరిగితే ఆ చుక్కలు వట్టి నీళ్లే. నేను దారి తప్పితే అలిసిపోయేది నేను కాదు అమ్మమ్మా, ఎక్కడో పిల్లల్ని చంకనేసుకొని కూర్చున్న తల్లులు. అందుకే భయం.

ఎవరిని అడిగినా "గింతే దూరం" అంటారు. ఆ గింతే మూడు కిలోమీటర్లు కావచ్చు, పన్నెండు కావచ్చు.

వెంకటేశ్వర్లు పేపరులో చదివాడట, సముద్రంలో ఓడలు ఎక్కడున్నాయో ఉపగ్రహాలు చెప్తాయని. "మనకు సుత ఒకటొస్తదమ్మా. హ్యాండిల్ మీద పెట్టుకుంటే ఎడమకు తిరుగు, కుడికి తిరుగు అని అదే చెప్తది" అంటున్నాడు. అది వచ్చేదాకా నా పదకొండు ఊళ్లు ఆగుతాయా?

కోపం వద్దు.

నీ అరుణ


హనుమకొండ,
11 డిసెంబరు 1983

చి. అరుణకు,

ఈ ఉత్తరంతో పాటు వెంకటేశ్వర్లు చేతికి ఒక పెట్టె ఇచ్చాను. గుర్తుపట్టావా? నీ పదో తరగతి జామెట్రీ పెట్టె. చౌరస్తాలో గడియారాలు బాగుచేసే అతను మూతకు కిటికీ కోసి అద్దం బిగించాడు. లోపల రెండు దారపు రీళ్లు ఉన్నాయి. పక్కన బిగించిన గడియారం కీ చెవులు తిప్పితే కాగితపు చుట్ట ఒక రీలు నుంచి ఇంకొక రీలుకు పోతుంది. దీన్ని హ్యాండిల్‌కు కట్టుకో. బయలుదేరేటప్పుడు మీటరు అంకెను సుద్దతో ట్యాంకు మీద రాసి, దారిలో తీసివేసుకుంటూ పో. తీసివేతలు నీకు వచ్చు. నేనే నేర్పాను.

చుట్ట మీద ప్రతి మలుపూ కిలోమీటరు అంకెతో రాశాను. ఇంట్లో కూర్చున్న ముసలిదానికి ఇవన్నీ ఎట్లా తెలుసునని అడుగుతావు. విస్తరాకులు అమ్మే మొగిలమ్మది మీ వైపే. ఆ ఊళ్లన్నీ కాలినడకన తిరిగిన మనిషి. ఎంత దూరమంటే "ఒక తంబాకు నమిలి ఉమ్మేంత" అంటుంది. సరే, ఆ తంబాకు ఎంతో చూద్దామని కాజీపేట రోడ్డు మీద కిలోమీటరు రాయి దగ్గర ఆమెను నిలబెట్టాను. నోట్లో వేసుకొని నడవమన్నాను. నేను వెనక రిక్షాలో పోయాను. ఉమ్మిన చోట దిగి రాయి నుంచి అడుగులు లెక్కపెట్టాను.

"ఏందమ్మా, నా ఉమ్ము సుత లెక్కల రాస్తానవా?" అన్నది.

మూడుసార్లు నడిపించాను. సగటున ఒక తంబాకుకు 1.3 కిలోమీటర్లు. తేడా ఉంటే ప్రతి అంకెనూ దిద్ది పంపు. సుమారుగా అన్న మాట నాకు పనికిరాదు.

మెల్లగా నడుపు.

అమ్మమ్మ


రేగులగూడెం,
8 జనవరి 1984

అమ్మమ్మకు,

నెల రోజుల్లో ఒక్కసారి కూడా దారి తప్పలేదు! తప్పినట్టు అనిపించినప్పుడల్లా చెవి తిప్పితే నీ దస్తూరీ వస్తుంది. "4.2. ఎండిన బావి. ఎడమ. కుడివైపు దారి బాగుంటుంది, మోసపోకు." నీ గొంతు వినబడుతుంది.

దిద్దుబాట్లు వేరే కాగితం మీద రాశాను. గుట్టలు ఎక్కే చోట మీ తంబాకు లెక్క తప్పుతున్నది. ఎక్కేటప్పుడు మొగిలమ్మ నెమ్మదిగా నడుస్తుంది కానీ నమలడం ఆపదు కదా.

మొన్న మిరప చేను దగ్గర ఆగి చుట్ట తిప్పుతుంటే ఒకామె వచ్చి చూసింది.

"గా పెట్టెల ఎవలున్నరు డాక్టరమ్మా?"

"మా అమ్మమ్మ ఉన్నది."

"అయ్యో, మరి గాలాడుతదా ఆమెకు?"

వెంకటేశ్వర్లుకు చెప్తే, ఉపగ్రహం కన్నా మీ అమ్మమ్మే నయం, దానికి తంబాకు లెక్క తెల్వదు అన్నాడు. ఊళ్లో దీనికి దారిపెట్టె అని పేరు పడింది.

ఇంకా ఒక్క ఊరు మిగిలింది, ఇప్పలపల్లె. అక్కడికి ఇంతవరకు ఎవరూ చుక్కల మందు తీసుకుపోలేదు. ఏప్రిల్‌లో పెట్టుకున్నాను. దానికి కూడా చుట్ట పంపు.

నీ అరుణ


హనుమకొండ,
14 మార్చి 1984

చి. అరుణకు,

ఆలస్యమైంది. మొగిలమ్మ మేడారం జాతరకు పోయి పదిహేను రోజులు అక్కడే ఉండిపోయింది. వచ్చాక నాకు బెల్లం ప్రసాదం ఇచ్చింది. నీ వాటా పంపుతున్నాను.

ఇప్పలపల్లె చుట్ట ఇందులో ఉన్నది. మొత్తం 34.2 కిలోమీటర్లు. 3.4 దగ్గర కుడివైపుకు తిరిగి పరకాల రోడ్డు ఎక్కాలి. ఆ ఊరికి దారి ఇదే.

ఎండలు ముదురుతున్నాయి. తలకు బట్ట కట్టుకో. ఆ ఊరికి వెంకటేశ్వర్లును పంపితే సరిపోతుందేమో ఆలోచించు.

అమ్మమ్మ


రేగులగూడెం,
17 ఏప్రిల్ 1984

అమ్మమ్మకు,

నిన్న ఇప్పలపల్లె పోయాను. ఎనిమిదింటికి బయలుదేరాను. పరకాల రోడ్డు దాటాక తొమ్మిది కిలోమీటర్లు రోడ్డంతా తవ్వి కంకర పోశారు. రెండు పంక్చర్లు. ఊరు చేరేసరికి ఒంటిగంటన్నర. ఫ్లాస్కు మూత తీస్తే నీళ్లు, అవీ వెచ్చగా.

ముప్పై ఒక్క మంది తల్లులు పొద్దున్నుంచి కూర్చొని ఉన్నారు. కూలి మానుకొని వచ్చినవాళ్లు. నేను వాళ్లకు చుక్కలు వేయకుండానే పొమ్మని చెప్పాను. ఒక పిల్లవాడు నోరు తెరిచి ఉంచాడు అమ్మమ్మా, మూసుకొమ్మని చెప్పవలసి వచ్చింది.

ఒకామె నన్ను అడిగింది: "వాగు తొవ్వల రాకపోయినవా డాక్టరమ్మా? వంతెన కట్టి ఏడేండ్లాయె. నీ దవాఖాన గీడికి ఎంత, గింతంత!"

ఆ గింతంత ఎంతో నేను రాత్రి మ్యాపులో కొలిచాను. పదిహేను కిలోమీటర్లు.

నీకు ఎండిన బావులు తెలుసు, విరిగిన బండి చక్రం ఎక్కడ పడి ఉన్నదో తెలుసు. వంతెన తెలియదా? "ఆ ఊరికి దారి ఇదే" అని రాశావు. చుట్టలో 3.4 దగ్గర ఒక అతుకు ఉన్నది. మిగతా అతుకుల కన్నా వెడల్పుగా ఉన్నది. ఏం అతికించావు అక్కడ?

అరుణ


హనుమకొండ,
22 ఏప్రిల్ 1984

చి. అరుణకు,

నీ ఉత్తరం అందింది. పిల్లల సంగతి చదివి బాధపడ్డాను.

వాగు దారి నా లెక్కలో లేదు. నా లెక్కలో లేని దారిన నువ్వు పోవద్దు. రోడ్డు పని అయ్యేదాకా ఆగు. లేదా జీపు కోసం మీ పై అధికారికి మళ్లీ రాయి.

కరివేపాకు పొడి పంపుతున్నాను.

అమ్మమ్మ


రేగులగూడెం,
3 మే 1984

అమ్మమ్మకు,

నిన్న వాగు దారినే పోయాను. నలభై నిమిషాలు. ఐసు గడ్డ గడ్డలాగే ఉన్నది. ముప్పై ఒక్క మందిలో ఇరవై ఆరు మంది వచ్చారు. మిగిలిన అయిదుగురి ఇళ్లకు నేనే పోయాను. మొదటి చుక్కలు అందరికీ పడ్డాయి.

తిరిగి వస్తూ వంతెన మీద ఆగాను. మేకలు కాస్తున్న ముసలామె దగ్గరికి వచ్చి నా మొహంలోకి చూసింది.

"ఎవలి బిడ్డవు నాయినా?"

హనుమకొండ అని చెప్పాను. బట్టల దుకాణం వరలక్ష్మి గారి మనుమరాలినన్నాను. ఆమె చేతికర్ర పక్కన పెట్టి నా గడ్డం పట్టుకున్నది.

"సావిత్రమ్మ బిడ్డవా? నీ బొడ్డు కోసింది నేనే. గీడనే, గా తుమ్మచెట్టు కాడ. కొడవలి నిప్పుల కాల్చి కోసిన."

అమ్మ పేరు ఆమెకు ఎట్లా తెలుసో! నేను హనుమకొండ దవాఖానలో పుట్టానని చెప్పాను. ఆమె నవ్వింది. "దవాఖానల పుడితే నీకు తొలిసారి ఈ వాగు నీళ్లు ఎట్ల పోస్తనే?"

ఆమె పేరు సమ్మమ్మ. నేను ఇంకేమీ అడగలేదు. నువ్వు చెప్పని మాట బయటి మనిషి నోట వినాలనిపించలేదు.

రాయకుండా వదిలేయడం అబద్ధం కన్నా మర్యాదగా ఉంటుందని ఎవరు చెప్పారని నవంబరులో నన్ను అడిగావు. నేను ఆ ప్రశ్న తిరిగి అడగను. అమ్మ ఎక్కడ చనిపోయిందో, అది ఒక్కటి రాయి.

అరుణ


హనుమకొండ,
8 మే 1984

అరుణా,

మూడు కాగితాలు చించి ఇది నాలుగోది రాస్తున్నాను.

మీ నాన్న నెక్కొండలో దుకాణం పెట్టకముందు రెండేండ్లు ఇప్పలపల్లెలో వడ్ల వ్యాపారం చేశాడు. 1957 జూలైలో సావిత్రిని పురిటికి తీసుకురావడానికి నేనే పోయాను. ఇంకా నెల రోజులు ఉన్నవనుకున్నాము. బండివాడు, చుట్టూ పోదామమ్మా, వాగు మీద నమ్మకం లేదు అన్నాడు. నేను వేళ్ల మీద లెక్కపెట్టి చూపించాను. వాగు దారిన పోతే పన్నెండు మైళ్లు తక్కువ, పిల్లకు కుదుపులు తగ్గుతాయి అన్నాను. బడిలో లెక్కల్లో మొదటిదాన్ని. నా లెక్కకు బండివాడు ఎదురు చెప్పలేకపోయాడు.

దూరం లెక్క తప్పు కాలేదు. పైన గుట్టల్లో పొద్దున వాన పడింది. దాన్ని నేను లెక్కపెట్టలేదు. వాగు నడుమ ఇసుకలో చక్రం దిగిపోయింది. ఎడ్లు లాగలేకపోయాయి. సావిత్రిని దించి, బండివాడూ నేనూ చెరొక రెక్క పట్టి ఒడ్డుకు చేర్చాము. నొప్పులు మొదలైనవి. బండివాడు బెదిరిన ఎడ్లను వదలలేక పట్టుకొని నిలబడ్డాడు. ఒడ్డున కలుపు తీస్తున్న ఒకామెను సావిత్రి దగ్గర కూర్చోబెట్టి, ఇంకొక జత ఎడ్ల కోసం నేను ఊరివైపు పరుగెత్తాను. ఎడ్లతో తిరిగి వచ్చేసరికి నువ్వు పుట్టి ఉన్నావు. సావిత్రి కళ్లు మూసుకొని ఉన్నది. నువ్వు డాక్టరువు, అంత నెత్తురు ఎందుకు పోయిందో నీకు తెలుసు. నాకు అప్పుడు తెలియలేదు. పరకాల చేరకముందే, బండిలో, నా ఒడిలో పోయింది. నన్ను ఒక్క మాట అనలేదు. అనడానికి స్పృహ లేదు.

పుట్టిన ఊరు హనుమకొండ అని బడిలో నేనే రాయించాను. నువ్వు ఎన్ని గంటలకు పుట్టావో కూడా నాకు తెలియదు. ఆ వేళకు నేను అక్కడ లేను. జాతకానికి సాయంత్రం నాలుగు అని చెప్పాను. అది ఊహ.

తన వల్లే తల్లి పోయిందని పిల్ల కుములుతుందని, ఎవరూ చెప్పవద్దని మీ నాన్నతో సహా అందరి దగ్గరా మాట తీసుకున్నాను. అది సగం కారణం. నేను చూపిన దారిన పోయిందని నువ్వు తెలుసుకుంటావన్నది మిగతా సగం.

మొగిలమ్మ వంతెన సంగతి చెప్పింది. నేను రాసుకున్నాను కూడా. తరువాత ఆ ముక్క కత్తెరతో కోసి, చుట్టూ పోయే దారి అతికించాను. ఈసారి లెక్కలో వాననే పెట్టాను, వంతెనను వదిలేశాను. దానికి ముప్పై ఒక్క మంది తల్లులు ఎండలో కూర్చున్నారు. కోసిన ముక్క పారవేయలేదు. పంచాంగంలో పెట్టి ఉన్నది.

అమ్మమ్మ


రేగులగూడెం,
14 మే 1984

అమ్మమ్మా,

నీ ఉత్తరం నాలుగు రోజుల కిందట అందింది.

ఇది డాక్టరుగా రాస్తున్నాను, మనుమరాలిగా ఓదార్పు కాదు. అటువంటి రక్తస్రావం చుట్టూ పోయినా వచ్చేది. ఆ కాలంలో, ఆ బండిలో, ఏ దారిన పోయినా అమ్మను ఆపగలిగేవాళ్లు లేరు. ఇంకొక మాట. చుట్టూ పోయే దారిలో ఆ తొమ్మిది కిలోమీటర్లు ఒక్క గుడిసె కూడా లేదు, నేను చూశాను. అక్కడ నొప్పులు వచ్చి ఉంటే నా బొడ్డు కోసేవాళ్లు ఎవరు? ఆ దారిలో సమ్మమ్మ లేదు.

నువ్వు దాచినందుకు నాకు కోపం ఉన్నది. అది నెమ్మదిగా పోతుంది. నువ్వు తొందరపెట్టకు.

ఇరవయ్యో తేదీ ఆదివారం పొద్దున మొదటి బస్సుకు రేగులగూడేనికి రా. వెనక సీటు మీద దిండు కట్టి ఉంచుతాను. పంచాంగంలో ఉన్న ముక్క తెచ్చుకో.

నీ అరుణ


హనుమకొండ,
23 మే 1984

చి. అరుణకు,

క్షేమంగా చేరాను. ఒళ్లు నొప్పులు రెండు రోజులకు తగ్గాయి. నువ్వు మలుపుల దగ్గర హారను కొట్టవు. గేరు మార్చినప్పుడు బండి కుదిపి నా మడమకు కిక్కు రాడ్డు తగిలింది. ఇవి దిద్దుకో.

పెట్టె నా ఒడిలో పెట్టుకొని నేను చెవి తిప్పుతుంటే, ముందు నుంచి నువ్వు మీటరు చదువుతుంటే, అరవై తొమ్మిదేండ్లలో మొదటిసారి నేను రాసిన దారిన నేను పోయాను. నీతో ఆ మాట అనలేదు. గాలికి నోట్లో దుమ్ము పడుతున్నది.

సమ్మమ్మ నన్ను చూసి, "గిన్నేండ్లకు యాదికొచ్చిన్నా సావుకారమ్మా?" అన్నది. నువ్వు మేకపిల్లను ఎత్తుకొని అటు పోయావు. కావాలనే పోయావని నాకు తెలుసు. అప్పుడు ఆమె చెప్పిన మాట నీకు ఆరోజు చెప్పలేకపోయాను. ఇక దాచే అలవాటు మానుకున్నాను కాబట్టి రాస్తున్నాను.

నేను ఎడ్ల కోసం పోయినప్పుడు సావిత్రికి స్పృహ ఉన్నదట. నిన్ను చూసిందట. ఆడపిల్ల అంటే నవ్విందట. తరువాత సమ్మమ్మ చెయ్యి పట్టుకొని, "మా అమ్మ వచ్చినంక టైమడుగుతది. ఆమెకు అన్నీ పక్కాగ ఉండాలె. పొద్దు యాడున్నదో జర చూసి యాదుంచుకో" అన్నదట.

నేను అడగలేదు. నిన్ను బట్టలో చుట్టుకొని బండి ఎక్కాను. సమ్మమ్మ మాత్రం ఇరవై ఏడేండ్లు యాదుంచుకున్నది. వాగు పడమట ఉన్న గుట్ట వైపు చెయ్యి చాచి, "పొద్దు గా గుట్ట మీద బారెడు ఉండె" అన్నది. నేనేం అడగకముందే అన్నది. అప్పజెప్పవలసిన వస్తువును అప్పజెప్పినట్టు.

పంచాంగం తీసి, ఆ తేదీ సూర్యాస్తమయం చూసి లెక్కకట్టాను. సాయంత్రం అయిదుంబావు. సుమారుగా అన్న మాట నాకు పనికిరాదని నీకు రాసినదాన్ని. ఇది సుమారే. దీన్ని దిద్దను.

కోసిన ముక్కను తిరిగి అతికించి కొత్త చుట్ట పంపుతున్నాను. పాతది తీసెయ్యి. బడి కాగితాల్లో హనుమకొండ అని ఉన్నది, దాన్ని నేను మార్చలేను. చుట్టలో మార్చాను. రెండో విడత చుక్కలకు పోయేటప్పుడు ఒకసారి చదువుకో.

3.4. రెండు దారులు. ఎడమకు తిరుగు.
6.0. రాళ్లగుట్ట. మెల్లగా.
9.6. వాగు. వంతెన గట్టిది, స్వయంగా చూశాను. ఎడమ ఒడ్డున తుమ్మచెట్టు. 18 జూలై 1957, గుట్ట మీద బారెడు పొద్దు ఉండగా ఇక్కడ సావిత్రికి అరుణ పుట్టింది. తల్లి చూసుకున్నది. రెండు నిమిషాలు ఆగవచ్చు. అంతకన్నా వద్దు, ఐసు కరుగుతుంది.

అమ్మమ్మ